పదిహేడో నంబరుకు బద్లీ

ఆగస్టు నెలాఖరున డాక్టర్ తేజశ్రీ నన్ను ఒకసారి రమ్మని ఫోన్ చేసింది. నాకూ ఆమెతో పని ఉంది. నాకు కావలసింది ఒక్క కాగితం. మా ఆయనకు చెవులు సరిగా వినపడేవి కావని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసిన కాగితం.

మా ఆయన పేరు మార్కండేయ. సూరత్ ఖటోదరాలో ఒక కార్ఖానాలో ఇరవై రెండేళ్లు సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడిపారు. మార్చిలో పాలీ, అంటే షిఫ్టు, దిగి వస్తూ, వెనక్కి వస్తున్న టెంపో కింద పడ్డారు. డ్రైవరు పలుమార్లు హారన్ కొట్టినా మృతుడు లెక్కచేయలేదని, ప్రమాదానికి మృతుడి 'బేదర్కారీ' కారణమని పోలీసులు రాశారు. గుజరాతీలో ఆ మాటకు అజాగ్రత్త అని అర్థం. తాళం వేశాక దాన్ని మూడుసార్లు లాగి చూసుకునే మనిషి ఆయన. ఆయనకు వినపడలేదు, అంతే. స్టేషన్‌కు వెళ్లి ఆ సంగతి చెబితే, రుజువు తీసుకురమ్మన్నారు.

రుజువు ఉంది. సాంచెల చప్పుడు పనివాళ్ల చెవులను ఏం చేస్తోందో తెలుసుకోవడానికి ఒక పరిశోధన సంస్థ ఇక్కడ సాంచెలు నడిపే మా తెలుగువాళ్లలో నలభై మందిని ఎంచుకుంది. ఒక్కొక్కరికి రెండు విడతలు పరీక్ష చేసి తేడా చూస్తారు. నేను నగరపాలిక తెలుగు బడిలో టీచరును. మావాళ్లు నా మాట వింటారని వాళ్లను పోగుచేసే పని నాకు అప్పగించారు. పరిశోధన కాగితాల్లో పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం నా దగ్గరుంటుంది. మా ఆయనది పదిహేడు.

మొదటి విడత నిరుడు దీపావళి సెలవుల్లో, సాంచెలన్నీ బందైనప్పుడు జరిగింది. అందరినీ నేనే దగ్గరుండి తీసుకెళ్లాను. రెండో విడత ఈ ఆగస్టులో జరిగింది. దానికి వెళ్లలేకపోయాను. పరీక్ష చేసే సారుకు, పిలవడానికి పేర్లు, నంబర్ల జాబితా మాత్రం పంపించాను. అందులో ఒక పేరు కొట్టేసి పంపవలసింది. కొట్టేయలేదు.

తేజశ్రీ ఈ పనిలోకి జూలైలోనే వచ్చింది. అంతకు ముందున్న డాక్టరు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయారు. ఈమె హజీరాలో పనిచేసే ఆంధ్రా ఇంజనీరు గారి అమ్మాయి. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. మా ఆయన కూడా ఆ నలభై మందిలో ఉన్నారని ఆమెకు తెలియదు. ఆ రోజు చెప్పి, కాగితం అడుగుదామనే వెళ్లాను.

“రండి టీచర్ గారూ. చాయ్ తర్వాత. ముందు ఈ జాదూ చూడండి,” అంటూ నాలుగు కాగితాలు నా ముందు పరిచింది.

“జాదూ ఏమిటమ్మా?”

“మీవాళ్ల చెవులు బాగైపోయాయి! ఈ తొమ్మిదో నంబరు చూడండి. దీపావళికి పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడలేదు. ఇప్పుడు చీమ చిటుక్కుమన్నా వింటున్నాడు. పన్నెండూ అంతే. ఇరవై ఒకటీ అంతే. చప్పుడు వల్ల పోయిన వినికిడి తిరిగి రాదండీ. ఎక్కడా రాలేదు. మీ వడోద్‌లో వచ్చింది! మా పెద్ద డాక్టర్ గారు ఏమన్నారో తెలుసా? ‘తేజశ్రీ, ఆ మందేదో నాకూ ఇప్పించు’ అన్నారు.”

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

“రెండేళ్ల పని, బస్, ఖతం. నలభై మందిలో ఒక్కడే సరిగ్గా ఉన్నాడు. పదిహేడు. దీపావళి కంటే ఇప్పుడు ఇంకా తగ్గింది. తగ్గాలి కూడా. వీడొక్కడే నిజాయితీపరుడు. ఎవరండీ ఈయన?”

నేను పదిహేడో నంబరు కాగితం మీది వినికిడి గీత వైపే చూస్తున్నాను. ఎడమ నుంచి కుడికి కిందికి జారుతూ పోయింది.

“టీచర్ గారూ?”

“నాకు రెండు రోజులు టైమివ్వమ్మా,” అని లేచాను. కాగితం సంగతి ఎత్తలేదు.

రెండు విడతల్లోనూ లోపం, అదీ పెరుగుతున్న లోపం. స్టేషన్‌లో చూపించడానికి అంతకంటే మంచి రుజువు ఉండదు. కాగితం మీద తారీఖులు పడకుండా చూసుకుని, నేను నోరు విప్పకపోతే చాలు. బస్సులో ఆ ఆలోచన నాకు రాలేదని రాస్తే అబద్ధమవుతుంది.

మరునాడు బడి కాగానే, మావాళ్లు గదులు అద్దెకుండే వడోద్ వెళ్లాను. తొమ్మిదో నంబరు ఆగయ్యది. ఆయన భార్య కనకవ్వ గది ముందే మెస్ నడుపుతుంది. నేను వెళ్లేసరికి ఆయన పాలీకి పోయే తొందరలో అన్నం తింటున్నాడు.

“ఆగయ్యా, మొన్న చెవి పరీక్షకు పోయినవా?” గట్టిగా అడిగాను.

ఆయన నా మూతి వైపు చూశాడు. “పోయిన కదా టీచరమ్మా. అంటే, నా పేరు పోయింది.”

“పేరు పోవుడేంది?”

“బద్లీని పంపిన.”

బద్లీ అంటే కార్ఖానాల్లో అందరికీ తెలిసిన ఏర్పాటే. ఊరికి పోవలసి వచ్చినా, జ్వరమొచ్చినా, పనివాడు తన సాంచెల మీద ఇంకొకరిని నిలబెట్టి పోవాలి. సాంచె ఆగకూడదు. బద్లీని వెతికి తెచ్చుకోవలసింది సేఠ్ కాదు, పనివాడే. తేలేకపోతే తిరిగొచ్చేసరికి ఆ సాంచెలు ఇంకొకరివి అవుతాయి. ఇరవై ముప్ఫై ఏళ్లుగా అలా బతికినవాళ్లు పరీక్షకూ అదే చేశారు.

“పరీక్ష నీ చెవులకు ఆగయ్యా! నీ చెవులకు! దానికి బద్లీ ఎట్ల పనికొస్తడు?”

“గా మిషన్ సారు ఏమన్నడు? పరీక్షకు ముంగట పదహారు గంటలు చప్పుడుల ఉండొద్దన్నడు. గట్ల ఉన్నోడే రావాలన్నడు. పన్నెండు గంటల పాలీ చేసెటోడు పదహారు గంటలు యాడికెల్లి తెస్తడు? రోజుకున్నయే ఇరవై నాలుగాయె. గందుకే గట్ల ఉన్నోన్నే చూసి పంపినం. ఓంప్రకాష్‌ను.”

ఓంప్రకాష్‌కు ఆ వీధిలోనే మొబైల్ రిపేర్ దుకాణం ఉంది.

“ఆని దుకాణంల చప్పుడుండది,” అంది కనకవ్వ, పప్పు వడ్డిస్తూ. “గిరాకీ గూడ ఉండది. నాలుగు దినాలు పోయి నాలుగు పేర్ల మీద ఇని వచ్చిండు టీచరమ్మా. రోజుకో అంగీ మార్చిండు.”

“ఆ సారు గుర్తుపట్టలేదా?”

“ఆయన మన మొఖం దిక్కు చూస్తడా? డబ్బ దిక్కు చూస్తడు.”

“అయినా టీచరమ్మా,” అన్నాడు ఆగయ్య, తప్పు చేసినవాడిలా కాదు, నాకు తెలియని సంగతి చెబుతున్నవాడిలా. “చెవుడని రాసిన్రనుకో, గది సేఠ్ కాడికి పోయిందనుకో, రేపు సాంచె మీద ఎవడు నిలవెడ్తడు? మంచిగ ఇనెటోన్ని పంపితె నీకు మంచిగనే ఉంటది, మాకు మంచిగనే ఉంటది. అందరం పాసైనం కదా?”

నవ్వాలో, ఆ పళ్లెం లాగేయాలో నాకు తెలియలేదు. సేఠ్‌కు ఏ కాగితమూ పోదని, అందుకే పేర్లు లేకుండా నంబర్లు పెట్టారని దీపావళికే ఒక్కొక్కరికి చెప్పాను. తల ఊపారు. అప్పుడు ఎంతమందికి వినపడిందో ఇప్పుడు అనుమానంగా ఉంది.

ఆ సాయంత్రం ఎన్ని గదులు ఎక్కి దిగినా అదే కథ. ఒకరు టైలర్‌ను పంపారు. ఒకరు ఊరినుంచి కొత్తగా వచ్చిన బావమరిదిని పంపారు. ఒకరిని చూసి ఒకరు. అసలు మనిషి ఒక్కడూ వెళ్లలేదు.

చివరికి పరుశురాం గదికి వెళ్లాను. పదిహేనేళ్లు మా ఆయన పక్క సాంచెల మీద పనిచేశాడు. నన్ను వదినా అంటాడు. అతనిది పద్దెనిమిదో నంబరు.

“నీ బద్లీ ఎవరు?”

“ఓంప్రకాషే.”

“మీ అన్న పేరు మీద ఎవరు పోయిన్రు?”

అతను నా ముఖం మీంచి చూపు తిప్పేసుకున్నాడు. చెవులు లేనివాడు చూపు తిప్పుకుంటే మాట ఆగిపోయినట్టే. మళ్లీ నా వైపు చూసేదాకా నిలబడ్డాను.

“నేనే పోయిన వదినా. రాత్ పాలీ దిగి, ఓంప్రకాష్‌ను తోల్కపోయిన. గాడ గా సారు మార్కండేయ, మార్కండేయ అని పిలుస్తుండు. ఎవ్వలు లేస్తలేరు.”

“నీకెట్ల ఇనవడ్డది?”

“ఇనవడుడేంది, ఆయన మూతి మీద కనవడ్డది. మూడుసార్లు పిలిచి పెన్ను తీసిండు, కొట్టేస్తందుకు. అన్న పేరు గట్ల నా ముంగట కొట్టేస్తుంటె మంచిగనిపియ్యలే. లేచిన.”

“నా కాగితం కోసం, ఇనవడ్డా కావాలని మీట ఒత్తకుండ కూసున్నవా?”

“లేదు వదినా, ఒట్టు. ఇనవడ్డకాడికి ఒత్తిన. ఇనవడ్డదే తక్కువ.”

అతన్ని తిట్టాలనే వెళ్లాను. కానీ ఆ పేరు అక్కడిదాకా పంపింది నేను. కోపం మాత్రం తగ్గలేదు. ఎవరి మీదో తేల్చుకోలేక ఇంటికి వచ్చాను.

గడువు ప్రకారం తేజశ్రీ దగ్గరికి వెళ్లి, బద్లీల సంగతి మొత్తం చెప్పాను. తర్వాత, “పదిహేడో నంబరు మా ఆయన. మార్చిలో చనిపోయారు,” అన్నాను.

ఆమె ఒకసారి నన్ను, ఒకసారి కాగితాన్ని చూసింది. “ఆగస్టులో వచ్చారు కదండీ?”

“బద్లీ వచ్చాడు. అదీ పన్నెండు గంటల పాలీ దిగి నేరుగా.”

తేజశ్రీ రెండు చేతులతో తల పట్టుకుంది. “మొన్ననే ఎందుకు చెప్పలేదు?” అంది.

“మొన్న ఆ గీత నాకు పనికొచ్చేలా కనిపించింది.”

పోలీసు కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. గుజరాతీ నాకంటే ఆమెకే బాగా వచ్చు. 'బేదర్కారీ' అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది.

“దీపావళి పరీక్ష ఆయనదే. లోపల ఆయన కూర్చుంటే నేను బయట నిలబడ్డాను,” అన్నాను. “ఆ ఒక్క సంగతీ రాసివ్వండి.”

“ఇవ్వగలను. కానీ ఇప్పుడిస్తే ఏమవుతుందో చెప్పనా? ముప్ఫై తొమ్మిది దొంగ పరీక్షలు, చనిపోయిన మనిషిది ఒకటి. ఇలాంటి పరిశోధన ఇచ్చిన కాగితాన్ని పోలీసులు చించి పారేస్తారు. అసలు మనుషుల్ని తీసుకురండి. అందరూ రాకపోయినా ఫరవాలేదు. మళ్లీ చేద్దాం. అది నిలబడితే దీపావళి లెక్కా నిలబడుతుంది, మీ కాగితమూ నిలబడుతుంది. పదహారు గంటలు మాత్రం తప్పదు.”

“ఆ పదహారు గంటలు ఎక్కడ దొరుకుతాయో కూడా మీ కాగితంలో రాయవలసిందమ్మా,” అన్నాను. కటువుగానే వచ్చింది. “వాళ్లు పడుకునే గదుల కింద కూడా సాంచెలే.”

ఆమె చాయ్ తెప్పించింది.

మా బడి తప్ప నాకు వేరే చోటు తోచలేదు. ఆదివారం రెండు గదులు ఇవ్వమని ప్రధానోపాధ్యాయుడికి దరఖాస్తు పెట్టాను. ఎందుకో రాయమన్నారు. నిశ్శబ్దం కోసం అని రాశాను. “బడిలో నిశ్శబ్దమా మేడమ్? మనకే ఎన్నడూ దొరకలేదు,” అంటూ మూడు కాపీలు అడిగారు. రెండు వారాలు గది గదికీ తిరిగాను. కొందరు తలుపు తీయలేదు. ఒకాయన ఊరికి పోయాడని ఆయనే లోపలినుంచి చెప్పాడు.

ఇరవై ఆరు మంది వచ్చారు. ఈసారి బద్లీలు సాంచెల దగ్గర నిలబడ్డారు. శనివారం సాయంత్రానికే వీళ్లు చాపలు పట్టుకుని బడికి చేరారు. చేరిన పది నిమిషాలకు గది అదిరిపోయింది.

“మెల్లగ మాట్లాడుండ్రి!” అన్నాను.

“మెల్లగనే మాట్లాడుతున్నం టీచరమ్మా!” అని ఆగయ్య అరిచాడు.

మర్నాడు ఉదయం పరీక్షల బండి వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి ముఖం చూసి, పేరు అడిగి, ఒక్కొక్కరినీ పంపాను. మధ్యాహ్నానికి అయిపోయింది. ఎవరి చెవులూ బాగుపడలేదు. పరుశురాం పరీక్ష తేజశ్రీ రెండోసారి కూడా చేసింది. పదహారు గంటలు ఊరుకున్న చెవులకు కూడా, దీపావళికి మా ఆయనకు వినపడినంత వినపడలేదు.

నాలుగు రోజులకు కాగితం ఇచ్చింది. మార్కండేయ అనే పనివాడికి నిరుడు దీపావళి సెలవుల్లో చేసిన పరీక్షలో రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉన్నట్టు తేలిందని రాసింది. కింద ఇంకో వాక్యం ఉంది. పరీక్ష ఒక్కసారి మాత్రమే జరిగింది. ఆ రెండో వాక్యం తీసేయమని నేను అడగలేదు.

స్టేషన్‌కు తోడు వస్తానని పరుశురాం వచ్చాడు. బస్సు దిగి నడుస్తున్నాం. అతను నాలుగడుగుల ముందున్నాడు. గోడౌన్ సందులోంచి బట్టల తాన్ల టెంపో ఒకటి వెనక్కి వస్తోంది. హారన్ నాకు వినిపించింది. “పరుశురాం!” అని పిలిచాను. మళ్లీ పిలిచాను. అతను రోడ్డు మీద కాలు పెట్టాడు. పరుగెత్తి వెనకనుంచి అంగీ పట్టి లాగాను.

“ఏంది వదినా, అంగీ చినుగుతది!”

టెంపో మా ముందునుంచి వెళ్లి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి, “బెహ్రా హై క్యా?” అని అరిచాడు.

“హా భయ్యా, బెహ్రా హై,” అన్నాను.

అతను ఇంకేదో అనబోయి, తల లోపలికి లాక్కుని వెళ్లిపోయాడు.

“ఏమంటుండు?” అని పరుశురాం నా మూతి వైపు చూశాడు. “చెవిటోడా అంటుండు,” అని చెప్పాను.

“మరి నువ్వేమన్నవు?”

“అవునన్న.”

“నడిరోడ్డు మీదనా? మా సేఠ్ మనుషులు ఎవలన్న ఇంటె ఎట్ల వదినా?” అంటూ చుట్టూ చూశాడు.

అంగీ వదలమన్నాడు. నేను వదల్లేదు. స్టేషన్ ఇంకా రెండు రోడ్ల అవతల ఉంది.