చివరి అంకెలు నలభై ఏడు

నాకు కోపం ఎక్కువ. సారపాకలో ఎవరినడిగినా చెబుతారు. పేపరు మిల్లుకు పోయే రోడ్డు పక్కన నాకో నెట్ సెంటర్ ఉంది. "సంపూర్ణక్క దగ్గరికి పోతే పనైతది గానీ తిట్లు తినాలె" అని కాంట్రాక్టు పనివాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారని కూడా నాకు తెలుసు. చెప్పుకోనీ. ఏడేళ్ల పిల్లకు చెప్పినట్టు చెప్పినా వినకపోతే తిట్టక ముద్దు పెట్టుకుంటారా?

వచ్చినవాళ్లకు కనపడేటట్టు గోడ మీద అట్ట ఒకటి వేలాడదీశాను. నా చేతిరాతే. ఎవరి మెయిల్ వాళ్లకే ఉండాలి. మెయిల్‌కు ఇచ్చే ఫోన్ నంబరు మీదే అయ్యుండాలి, పక్కింటివాళ్లది కాదు. పరాయి కంప్యూటర్‌లో తెరిస్తే లాగౌట్ చేశాకే కుర్చీలోంచి లేవాలి. ఓటీపీ కన్నతల్లి అడిగినా చెప్పకూడదు. ఇందులో అర్థం కానిది ఏముంది? అయినా రోజుకు పదిమంది ఈ అట్ట కిందే నిలబడి, "అక్కా, నా మెయిల్‌కు మా బావ నంబరు పెట్టిన, ఆయనతోటి మాటల్లేవు, ఇప్పుడెట్ల?" అని అడుగుతారు.

ఆ రోజు జూలై ముసురు. మధ్యాహ్నం మూడున్నర దాటింది. ఒక పిల్ల, ఒక ముసలాయన తడిసిపోయి లోపలికి వచ్చారు. పిల్లకు ఇరవై ఏళ్లుంటాయి. ముసలాయన నెత్తిన రేకు ట్రంకుపెట్టె, దాని మీద యూరియా సంచి కప్పి ఉంది. పెట్టె దింపి, నన్ను ఎగాదిగా చూసి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"అమ్మా, నువ్వు గప్పుడు మా గూడేనికి…"

"ముచ్చట్లు తర్వాత తాతా. ముందు పనేందో చెప్పు" అన్నాను.

పిల్ల చెప్పింది. పేరు భవాని. ఇంటర్ పాసై రెండేళ్లయిందట. ఆయన దూలయ్య, వాళ్ల గూడెం పెద్ద. చర్ల రోడ్డు దిగి అడవిలోకి ఆరు కిలోమీటర్లు నడవాలి. ఖమ్మంలో నర్సింగ్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంటే సీటు వచ్చిందట. పొద్దున కాలేజీ నుంచి ఫోన్ చేశారట. మెయిల్‌కు లెటర్ పంపారు, అందులో ఒప్పుకుంటున్నానని నొక్కాలి, ఈ సాయంత్రం ఐదు గంటలే గడువు, దాటితే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది.

"ఐదు గంటలకు గడువైతే మూడున్నరకా వచ్చేది?"

"వాగు పొంగింది అక్కా. పడవ లేటైంది."

"సరే సరే. మెయిల్ ఐడీ చెప్పు."

దూలయ్య వంగి పెట్టె తెరిచాడు. లోపల ప్లాస్టిక్ కవర్లలో కట్టలు కట్టలుగా రేషన్ కార్డులు, పోడు పట్టాలు, కులం సర్టిఫికెట్లు, ఉపాధి కార్డులు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. మూత లోపలివైపు తెల్ల పెయింటుతో పెద్ద అక్షరాల్లో ఒక మెయిల్ ఐడీ, దాని కింద పాస్‌వర్డ్.

ఆ పెట్టె బస్సులో అందరి ముందూ ఎన్నిసార్లు తెరుచుకుందో ఏమో!

"ఇది నీ మెయిలా?" అన్నాను భవానితో.

"ఊరిది."

"ఊరిదంటే?"

"ఊరందరిది అక్కా. ఇరవై రెండు ఇండ్లకు ఒకటే."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఊరందరికి ఒకటే మెయిలా? మీ ఊళ్లె పండ్లు తోముకునే బ్రష్ కూడా ఒకటేనా? గోడ మీద ఏం రాసుందో చదువు. చదువు, ఇంటర్ పాసైన పిల్లవే గదా!"

ఆ పిల్ల అట్ట చదివింది. పైనుంచి కింద దాకా, పెదవులు కదుపుతూ చదివి, నెమ్మదిగా అంది. "మా ఇండ్లు కురుస్తయి అక్కా. ఆకు కప్పులు. కాగితం చెదలు తింటది. అందుకే ఊరోళ్ల కాగితాలన్ని తాత దగ్గర ఒక్క పెట్టెల పెడ్తం. మెయిల్ కూడా కాగితాలు దాచుకునేదే అని చెప్తే, గదీ ఒక్కటే చాలన్నరు పెద్దలు."

"వాళ్లు చాలన్నరు సరే. చేసినోళ్లకన్న బుద్ధి ఉండొద్దా? ఎవరు చేసిన్రు ఇది? ఏ మొద్దు మొహం చేసింది?"

దూలయ్య నోరు తెరిచాడు. "గదే బిడ్డా, నువ్వు…"

భవాని వాళ్ల భాషలో గబగబా ఏదో అంది. ముసలాయన నోరు మూసుకుని పెట్టె కొస పట్టుకుని కూర్చున్నాడు. నాకు అనుమానం కూడా రాలేదు. తిట్టే హడావుడిలో నాకు ఏదీ కనపడదు.

మూత చూసి పాస్‌వర్డ్ కొట్టాను. తీసుకుంది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో పేజీ వచ్చింది. కొత్త కంప్యూటర్ కాబట్టి చివర నలభై ఏడు ఉన్న ఫోన్ నంబరుకు కోడ్ పంపాం, అది కొట్టండి అని.

"ఇన్నాళ్లు ఎట్ల చూసిన్రు?"

"మెయిల్ తెరిచి ఉన్న ఫోన్ ఒకటి ఉండె అక్కా. రెండేండ్ల కింద వాగుల కొట్టుకపోయింది. అప్పటిసంది తెరుచుకుంటలేదు."

"తెరుచుకోని మెయిల్ దరఖాస్తుల ఎట్ల రాసినవ్?"

"కొత్తది చేస్తే పాత కాగితాలు పోతయని భయం అక్కా. ఊర్ల ఒప్పుకోలే."

"పోవు! ఎక్కడికీ పోవు! కొత్త మెయిల్ చేసుకుంటే పాతది కాలిపోతదా? పాతదాంట్లోకి వచ్చిన లెటర్ కొత్తదాంట్ల పడేటట్టు పెట్టొచ్చు, రెండు నిమిషాల పని. ఎవరినన్న అడిగితే చెప్తరు గదా. నోరు లేదా?" నేను ఆపలేదు. "ఇంటరై రెండేండ్లంటున్నవ్. పోయినేడు ఏం చేసినవ్ మరి?"

భవాని కీబోర్డు వైపు చూసింది. "పోయినేడు కూడా సీటొచ్చింది. మెయిల్ చూడలేకపోయిన."

"ఏడాది పోగొట్టుకుని, మళ్ల అదే మెయిలు! భలే తెలివి!"

ఆ మాట అన్నందుకు ఇప్పుడు నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం గడియారం చూశాను. నాలుగూ ఐదు.

"నలభై ఏడు ఎవరి నంబరు? మీ ఊళ్లె ఎవరికుంది?"

దూలయ్య కళ్లు మూసుకున్నాడు. మనం చిన్నప్పుడు ఎక్కాలు చెప్పినట్టు పది అంకెలూ రాగం తీస్తూ చెప్పాడు. నాలుగో అంకెకు నా చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. ఏడో అంకె వచ్చేసరికి చెవుల్లోంచి వేడి వచ్చింది.

అది నా నంబరు.

అప్పట్లో నా సెంటరు భద్రాచలంలో ఉండేది. రెండువేల పంతొమ్మిదిలో గూడేలకు వెళ్లి క్యాంపులు పెట్టాను. జీపులో కంప్యూటరు వేసుకుని, రోజుకు మూడు ఊళ్లు. వాళ్లలో ఎవరికీ ఫోన్లు లేవు. మెయిల్ చెయ్యాలంటే నంబరు కావాలి. నా నంబరే ఇచ్చాను, ఎన్ని ఊళ్లకో లెక్కలేదు. తర్వాత వాళ్లే మార్చుకుంటారులే అనుకున్నాను. ఎలా మార్చుకోవాలో ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఊరికి ఒక్కటే మెయిల్ చాలంటే, పని తొందరగా తెములుతుందని సరే అన్నది కూడా నేనే. ఇరవై రెండు ఇళ్లకు ఒక్కటే అంటే ఏమవుతుందో ఆ రోజు ఆలోచించలేదు. రెండువేల ఇరవై రెండు వరదలో సెంటరు మునిగింది. కంప్యూటర్లతో పాటు ఫోనూ పోయింది. గోదావరి ఇవతలికి వచ్చి, కొత్త సిమ్ము తీసుకుని, కొత్త బోర్డు పెట్టుకున్నాను. పాత నంబరు మళ్లీ గుర్తు చేసుకోలేదు. పైగా మా చర్చిలో ఎన్నిసార్లు అన్నానో! "ఆ గూడేలోళ్లకు ఎంత చేసినా ఇంతే. పనైపోతే మళ్ల మొహం చూపియ్యరు" అని.

ఇప్పుడు ఆ నంబరు ఎవరిదో. చేశాను. స్పీకరు పెట్టాను. మూడో రింగుకు ఎవరో మగాయన ఎత్తాడు.

"అండీ, నా పేరు సంపూర్ణ. సారపాక నుంచి. మీకు ఇప్పుడొక కోడ్ వచ్చి ఉంటది, ఆరు అంకెలు. అది కొంచెం చెప్తారా, చాలా అర్జెంటు."

"చెప్పను" అన్నాడాయన.

"అయ్యో, మోసం కాదండీ…"

"మోసం చేసేవాళ్లందరూ ఇదే మాటంటారమ్మా. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నీకు తెలియదా?"

తల ఎత్తితే అట్ట కనపడింది. నా చేతిరాతే.

"తెలుసండీ. కానీ ఆ నంబరు ఒకప్పుడు నాది. అడవి ఊళ్లవాళ్ల మెయిల్స్‌కు నేనే దాన్ని ఇచ్చాను. ఇక్కడొక పిల్ల సీటు…"

"ఆగాగు. సంపూర్ణ అన్నావా? భద్రాచలం సంపూర్ణక్కవా?"

"అవ్."

ఇక ఆయన మొదలుపెట్టాడు. నన్ను ఇంతవరకు ఎవరూ అలా తిట్టలేదు. "నువ్వా! నిన్నే వెతుకుతున్నానమ్మా మూడేళ్ల నుంచి. నా పేరు లూకా, బోనకల్ మాది, మిర్చి వేస్తాను. ఈ సిమ్ము తీసుకున్న దగ్గర్నుంచి సంపూర్ణక్క ఉందా, సంపూర్ణక్క ఉందా అని ఫోన్లు. పొలంలో ఉంటే ఫోన్లు, ఆరాధనలో ఉంటే ఫోన్లు. మా ఇంటావిడ ఈ సంపూర్ణ ఎవరని రెండు నెలలు నాతో మాట్లాడలేదు! కొండెక్కి సిగ్నల్ పట్టుకుని చేస్తున్నామంటారు, కట్టై పోతది. నంబరు మారితే మారినట్టు చెప్పొద్దా? ఇంతమంది బతుకుల్ని ఒక సిమ్ముకి కట్టి, ఆ సిమ్ము గాలికొదిలేస్తావా? మనిషివేనా నువ్వు?"

ఆయన అన్నదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. నాలుగూ ఇరవై ఐదు.

"తప్పు నాదేనండీ. నన్నెంతైనా తిట్టండి, ఐదు తర్వాత. ఆ పిల్లకు ఐదింటికే గడువు."

"నీకు చెప్పను. ఆ పిల్లకియ్యి ఫోను."

భవాని ఫోనుకు దగ్గరగా వంగింది. "సారూ, నేను భవానిని. నర్సింగ్ సీటు సారూ…"

ఫోను ఆ పిల్ల వైపు ఇంకాస్త జరిపాను.

"పోయినేడు కూడా నువ్వే చేశావు కదూ తల్లీ?" అన్నాడు లూకా. గొంతు మారిపోయింది. "ఏడ్చుకుంటా చేశావు. ఆ రోజు కూడా కోడు వచ్చింది. మోసమనుకుని నేనే ఫోన్ పెట్టేశాను. తర్వాత మూడుసార్లు చేశావు, ఎత్తలేదు. నా కూతురు దీవెన నీ ఈడుదేనమ్మా, అది కాలేజీకి పోతుంటే నీ గొంతే గుర్తొచ్చేది. ఇంకోసారి పంపించమను కోడు, చెప్తాను. రాసుకో."

మళ్లీ పంపమని నొక్కాను. ఆయన ఒక్కో అంకె చెబుతుంటే భవాని అరచేతిలో రాసుకుంది. నేను కొట్టాను. మెయిల్ తెరుచుకుంది.

చదవని ఉత్తరాలు మూడువేల పైన. అప్పులిస్తామనేవాళ్లు, చీరలమ్మేవాళ్లు, చెత్త, చెదారం. కిందికి జరుపుతూ కూర్చుంటే తెల్లారుతుంది. పైన వెతికేచోట కాలేజీ పేరు కొట్టాను. రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఇవాళ్టిది. దాని కింద పోయిన ఏడాది జూలైది, చదవలేదని గుర్తుగా ఇంకా లావు అక్షరాల్లోనే ఉంది.

భవాని రెండోదాని వైపే చూస్తోంది. నేను మొదటిది తెరిచి మౌసు ఆమె చేతికిచ్చాను. ఆమే నొక్కింది. "మీ సీటు ఖరారైంది" అని వచ్చేసరికి నాలుగూ నలభై ఎనిమిది.

దూలయ్యకు చెబితే పెట్టె మూత మీద రెండు చేతులూ వేసి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత చెయ్యాల్సినవన్నీ చేశాను. ఊరి మెయిల్‌లో నా పాత నంబరు తీసేసి దూలయ్య కొడుకుది పెట్టాను. పాస్‌వర్డ్ మార్చి, పెయింటు వెయ్యొద్దని ఒట్టు వేయించుకున్నాను. భవానికి తన నంబరుతోనే వేరే మెయిల్ చేసి, కాలేజీ నుంచి ఏది వచ్చినా అందులో పడేటట్టు పెట్టి, అది ఎలా పెట్టాలో ఆమె చేతే ఇంకోసారి చేయించాను. ఒక్క తిట్టు కూడా రాలేదు నోట్లోంచి.

వాళ్లు లేవబోతుంటే భవానిని అడిగాను. "ఇది చేసింది నేనేనని నీకు తెలుసు. మూడున్నర నుంచి తెలుసు. ఏ మొద్దు మొహం అని నేను ఒర్లుతుంటే ఎందుకు చెప్పలే?"

భవాని చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "మీకు కోపమొస్తే పని చెయ్యరేమో అని, అక్కా. పోయినేడు లెక్కనే పోతదేమో అని."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సీటు మీద ఆశతో నా తిట్లు మింగుతూ ఇంతసేపు కూర్చుంది ఆ పిల్ల. అట్ట గోడ మీంచి తీసి బల్ల కింద పడేశాను.

లూకాకు మళ్లీ ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. "ఫోన్ చేసినవాళ్ల పేర్లేమైనా గుర్తున్నాయాండీ?"

"గుర్తేంటి, మిర్చి లెక్కల పుస్తకం వెనక రాసుంచా. ఎప్పటికైనా దొరికితే నీ మొహాన కొడదామని. రాసుకో."

ఆయన చెబుతుంటే రాసుకున్నాను. ఆదెమ్మ, పింఛను. ముత్యాలు, హాస్టలు. జంపయ్య, పట్టా పేపరు. ఎనిమిదో పేరు దగ్గర ఆయన ఆగాడు.

"దస్రు. ఈయనకేం కావాలో నాకు తెలియదమ్మా. చెప్పకముందే రాంగ్ నంబరని పెట్టేశా."

దస్రు అని రాసి పక్కన ఖాళీ వదిలాను. ఆ పేరు వినగానే దూలయ్య పెట్టె మీంచి చేతులు తీసి నా వైపు తిరిగాడు. ఏదో చెప్పబోయి, ఇందాక ముచ్చట్లు తర్వాతన్న నా మాట గుర్తొచ్చిందేమో, ఆగి భవాని వైపు చూశాడు.

పెన్ను కింద పెట్టి, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"చెప్పు తాతా. నేను వింట."