పద్నాలుగో గది కర్టెన్

వర్లీన్‌ను పనిలోంచి తీసేయడానికి మేనేజరుకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మేకన్ ఊళ్లోని ఆ వృద్ధాశ్రమంలో ఆమె పదకొండేళ్లుగా బట్టలు ఉతుకుతోంది. పద్నాలుగో గదిలో ఉండే, అందరూ మిస్ ఓటిలీ అని పిలిచే ముసలావిడ పెళ్లి ఉంగరం సోమవారం నుంచి కనబడటం లేదు. బుధవారం పని ముగిశాక వర్లీన్ జేబు లోపలి పిన్నీసు విప్పి, ఉంగరం తీసి వేలికి పెట్టుకోవడం సూపర్‌వైజరు చూసింది. అది చనిపోయిన తన మొగుడు పెట్టిన ఉంగరం. యంత్రాల దగ్గర వేలికి ఉంచుకుంటే వేలే పోతుందని రోజూ జేబులో గుచ్చుకుంటుంది. గురువారం మేనేజరు పిలిచినప్పుడు ఆ మాటే చెప్పబోయింది.

"మీరు దొంగతనం చేశారని మేం అనలేదండీ," అన్నాడు మేనేజరు.

"మరెందుకు తీసేస్తున్నారు?"

"కారణం చెప్పక్కర్లేదు. ఇక్కడి రూలంతే. మీరైనా ఎప్పుడంటే అప్పుడు మానేయొచ్చు."

ఇంటికొచ్చాక వర్లీన్‌కు కాలు నిలవలేదు. నింద మొహం మీద వేస్తే కాదనవచ్చు. వెయ్యని నిందను ఎట్లా కాదంటుంది? ఆడపడుచు డారెస్సా ఫోన్ చేసి, "ఏమీ చెప్పకుండా ఎవరైనా తీసేస్తారా వదినా?" అంది మెల్లగా. ఆ మెల్లదనమే గుచ్చుకుంది. ఆదివారం చర్చిలో పాట సగంలోనే లేచి వచ్చేసింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

సోమవారం పొద్దున మజ్జిగ బిస్కెట్లకు పిండి కలపబోతూ ఉంగరం తీసింది. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే మిస్ ఓటిలీ గుర్తొచ్చింది. ఆవిడ నలభై ఏళ్లు బడి వంటింట్లో పిండి కలిపిన మనిషి. ఇప్పుడు మతి తప్పి, రోజూ దుప్పటి అంచునే పిండిలా పిసుకుతుంది. మూడు నెలలకోసారి కర్టెన్లు ఉతికేటప్పుడు, పద్నాలుగో గది కర్టెన్ అంచుకు తప్పకుండా ఒక పిన్నీసు ఉండేది. కుట్టినవాళ్లు మరిచిపోయారని విసుక్కుంటూ పారేసేది.

పిండి అట్లాగే వదిలేసి బస్సెక్కింది. ఆశ్రమంలో వచ్చినవాళ్ల పుస్తకంలో పేరు మాత్రం గీకి, దారిలో కనబడ్డ నర్సును వెంటబెట్టుకుని గదిలోకి వెళ్లింది. కర్టెన్ అంచు తిరగేసింది. పిన్నీసుకు ఉంగరం వేలాడుతోంది.

"ముట్టుకోకే పిల్లా," అంది మిస్ ఓటిలీ దుప్పటి పిసుకుతూనే. "పిండి ఇంకా అవలేదు. పిల్లలొచ్చే వేళయింది."

"అక్కడే ఉంచుతానమ్మా," అంది వర్లీన్.

నర్సు పిలిస్తే మేనేజరు వచ్చి చూశాడు. చాలా సంతోషం అన్నాడు. రేపటి నుంచి పనిలోకి రమ్మంటారా అని వర్లీన్ అడిగింది.

"అది వేరే సంగతండీ. ఉంగరం కోసం తీసేశామని మేం ఎప్పుడూ అనలేదుగా."

"పోనీ, నేను తియ్యలేదని అందరి ముందూ ఒక్క మాట అనండి."

"తీశారని అననిదే, తియ్యలేదని ఎట్లా అంటాం?"

వర్లీన్ గదిలోంచి బయటికి నడిచింది. గుమ్మం దగ్గర పుస్తకంలో వెళ్లే వేళ రాయాలి. తన పేరు పక్కన, వచ్చిన కారణం రాసే గడి ఖాళీగా ఉంది. పైన అందరూ అమ్మను చూడటానికి, తాతను చూడటానికి అని రాశారు. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని రాసింది: మిస్ ఓటిలీ ఉంగరం ఆమె కర్టెన్‌లోనే దొరికింది. నేను తియ్యలేదు.

గడి చాలక అక్షరాలు కింది వరసలోకి దిగాయి. వెనకాల నిలబడ్డ పెద్దాయన పెన్ను అందుకుని, కళ్లద్దాలు సర్దుకుని, చదవసాగాడు.