మగ్గాల వీధి స్ట్రైకర్

కింద మరమగ్గాలు మొదలయ్యేసరికి క్వాబెనా కుడి మోకాలికి గుడ్డపీలిక మూడోసారి విప్పి చుడుతున్నాడు. లుంగీ అంచులోంచి కత్తిరించిన ఆకుపచ్చ చారల పీలిక. బిగిస్తే పిక్క తిమ్మిరెక్కుతోంది, వదిలితే చిప్ప జారినట్టుంటోంది. మోతకు గది నేల అదురుతోంది. మంచం కింది బూట్లు ఆ అదురుకు కొంచెం కొంచెంగా జరిగి బయటికొచ్చాయి. ఫోను తీసి చూశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

అందులో రెండు సందేశాలున్నాయి. ఒకటి కేరళలోని మలప్పురం ఫుట్‌బాల్ జట్టు మేనేజరుది: పరిగెత్తే వీడియో సాయంత్రంలోగా పంపితే ఈ సీజనుకు జట్టులో చోటు, వీసా పొడిగింపు కూడా వాళ్లే చూసుకుంటారు. రెండోది ఘానా నుంచి అక్క పంపిన విమానం టిక్కెట్టు. అది రేపటిది.

ఇలాంటి మేనేజర్ల సందేశాల వెంటే పదిహేనేళ్లుగా ఈ దేశంలో తిరుగుతున్నాడు. పందొమ్మిదేళ్లప్పుడు కోల్‌కతాలో దిగాడు. అక్కడి లీగులో రెండు సీజన్లు, గోవాలో ఒకటి, షిల్లాంగులో సగం. ఒకసారి పేపర్లో ఫొటో పడింది. కింద వేరే ఆటగాడి పేరు వేశారు. తర్వాత కేరళలో, కోత కోసిన మళ్లలో ఏడుగురేసి ఆడే పోటీలు. ప్రతిచోటా కొత్త భాషలో అరుపులు. అర్థమయ్యేలోపు బంతి దాటిపోయేది. మోకాలు చెడ్డాక ఎవరో ఎముకలకు, కీళ్లకు వేసే పుత్తూరు కట్టు గురించి చెబితే ఇటు వచ్చాడు. కట్టు విప్పేదాకా ఉందామని పక్కనే నగరిలో గది తీసుకున్నాడు. అది నిరుటి మాట.

నగరి జట్టులో అందరూ నేతవాళ్లే. మోతలో మాట వినపడదు గనుక మగ్గాల దగ్గర చేతులతో మాట్లాడుకుంటారు. మైదానంలోనూ అంతే. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగింది, ఆపు అని. మెలివేసి చూపితే అతికింది, నడుపు అని. ఆపమనే సైగ కనబడితే ఎవరూ ఎందుకని అడగరు. ఆ సైగలన్నీ క్వాబెనాకు తొందరగానే పట్టుబడ్డాయి. కట్టు విప్పాక సత్యవేడులో ఆడిన పోటీలో నగరి వాళ్లు నోరెత్తకుండా గెలిచారు. తను కోరిన చోటికి, కోరిన క్షణానికి బంతి రావడం అతను అక్కడే చూశాడు. ఆ రోజే మోకాలు మళ్లీ వాచింది.

ఇంటి ఓనరు మునిరత్నమ్మ దోసెల పళ్లెంతో మెట్లెక్కి వచ్చింది. అతనికి మెట్లు దిగడం కష్టమని తెలుసు. అడిగితే గాలికి వచ్చినానంటుంది. ఆమె నోట క్వాబెనా బెన్నా అయ్యాడు. అతను రెండు తిని లేచాడు.

"ఏమప్పా బెన్నా, రెండు దోసెలకే సెయ్యి కడిగేసినావే! వాసింది మోకాలా, కడుపా?"

"దిగులుగా ఉండాది మా."

"దిగులైతే ఇంకోటి తిను. కారం బాగా పూసినా."

తిన్నాడు. కాసేపు కూర్చున్నాడు, లేచాడు, కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఆగగానే ఆమె కొడుకు మునిశేఖర్, జట్టు కెప్టెన్, తల మీది నూలు దుమ్ము దులుపుకుంటూ పైకొచ్చాడు. ఇద్దరూ ఊరి వెనక మైదానానికి వెళ్లారు.

మొదటి వీడియోలో కాసేపు బాగానే ఉంది. ఆ తర్వాత కుడికాలు సీల వదులైన చక్రంలా పక్కకు పోయింది. రెండోది ఇంకా అన్యాయం.

"ఇంకోసారి తియ్యి."

"పెళ్లిసూపులకు పొయ్యేవాడు గూడా ఇన్ని ఫొటోలు దిగడు కదప్పా."

"తియ్యబ్బా. ఈసారి ఉరుకుతా సూడు."

పళ్లు బిగించి ఉరికాడు. ఈసారి కాలు పక్కకు పోలేదు. వీడియోకు ఇది చాలు, ఆ తర్వాత ఎన్నాళ్లు నిలుస్తుందో తర్వాత చూద్దాం అనుకున్నాడు. మోకాల్లో ఏదో సన్నగా చిరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. అంతలో అటు చివర మునిశేఖర్ ఫోను దించాడు. చెయ్యెత్తి, రెండు వేళ్లు కలిపి విడదీశాడు.

మనసు కంటే ముందు కాళ్లే ఆగిపోయాయి.

ఎందరో డాక్టర్లు, కోచ్‌లు ఇదే మాట చెప్పారు. ప్రతి ఒక్కరితోనూ వాదించాడు. మునిశేఖర్ మొహంలో జాలి లేదు. తెగిన పోగును చూసే నేతగాడి మొహం, అంతే.

"తెగితే ఆపల్ల కదప్పా," అన్నాడు దగ్గరికొచ్చి.

క్వాబెనా గడ్డిలో కూర్చున్నాడు. తీసిన వీడియోలు తనే చెరిపేశాడు. మలప్పురానికి ఫోన్ చేసి రాలేనన్నాడు. అక్కకు చేసి, వస్తున్నానన్నాడు. అవతల ఆమె ఏడుస్తుంటే గుడ్డపీలిక విప్పి వేళ్లకు చుట్టుకుంటూ విన్నాడు.

సాయంత్రం చెన్నై బస్సుకు సంచి పట్టుకుని దిగేసరికి కరెంటు వచ్చింది. మునిరత్నమ్మ పొట్లం చేతిలో పెట్టింది.

"ఇమానంలో వాళ్లేం పెడతారో ఏమో. మళ్లా ఎప్పుడొస్తావప్పా?"

అతను తల వంచాడు. ఆమె రెండు చేతులూ ఆ తల మీద పెట్టింది.

మగ్గాల షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. మగ్గాలు వదిలి ఎవరూ రాలేరు. చెప్పినా ఎవరికీ వినపడదు. చెయ్యెత్తి, రెండు వేళ్లు మెలివేసి చూపించాడు. మునిశేఖర్ వేళ్లు లేచాయి. ఆ వెనక గోల్‌కీపర్ తిరుమలయ్యవి, ఒక్కొక్కరుగా అందరివీ.

క్వాబెనా బస్టాండు వైపు కుంటుతూ నడిచాడు. గుమ్మం పక్కన, నేతవాళ్ల చొక్కాలు తగిలించే మేకుకు, లేసులు కలిపి ముడివేసిన అతని బూట్లు వేలాడుతున్నాయి. మగ్గాలు ఆడినంతసేపూ అవి ఒకదానికొకటి తగులుతూ కదులుతూనే ఉన్నాయి.