ముందున్న రెండు సున్నాలు

లెక్కపెట్టి చూసుకోకుండా వేసిన ఒట్టు, తీరా నిజమే అయినా, అబద్ధం కిందికే వస్తుందా? తొమ్మిదేళ్లుగా వదినగారిని తొలుస్తున్న అనుమానం ఇదే. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి అడిగేది. ఆయన పలికేవాడు కాదు. ఆవిడా రెట్టించేది కాదు.

ఆసుపత్రిలో రోగుల ఫైళ్లు దాచే పాత ప్రోగ్రాం ఆవిడ రాసిందే. ఒక్కో ఫైలుకి ఒక్కో రహస్య తాళంచెవి. తాళంచెవి అంటే ఇనుప ముక్క కాదు, అరవై నాలుగు అక్షరాల పొడుగున్న సంఖ్య. తొమ్మిదేళ్ల కిందట వాటిని వేరే కంప్యూటరు భాషలో రాసిన కొత్త ప్రోగ్రాంలోకి మార్చే పని ఆవిడ మరిదికి అప్పగించారు. అతనూ అక్కడే ఉద్యోగి. వదిన పంపిన తాళంచెవుల్ని ఒక్కొక్కటే ఎత్తి అతికించుకుంటూ వెళ్లాడు. నూట పద్దెనిమిదో ఫైలు తెరుచుకోలేదు.

"రెండక్షరాలు తక్కువొచ్చాయి వదినా. మీ ప్రోగ్రాంలో ఏదో ఉంది."

"నా ప్రోగ్రాంలోనా? అతికించేటప్పుడు నువ్వు మింగేసి నా మీదికి తోస్తున్నావా? దేవుడి మీద ఒట్టు, నేను పంపింది సరైందే. తప్పు నాదని తేలితే అందరి ముందూ నా చేత్తో కాఫీ కలిపి నీ బల్ల మీద పెడతాను!"

ఆసుపత్రి సూపరింటెండెంటు వదినగారి మాటే నమ్మాడు. మార్పు పని ఆగిపోయింది. మరిది ప్రింటర్లు బాగుచేసే గదికి పోయాడు. ఆనాటి నుంచి ఆఫీసులో అతనికి 'మింగుడుబాబు' అని పేరు. ఇంట్లో కూడా వదినా మరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

ఇప్పుడు పాత యంత్రం ముసలిదైపోయింది. ఆ సాయంత్రం ఆరింటికి తీసేస్తారు. కొత్త ప్రోగ్రాం సంగతి మరిదికి తప్ప ఎవరికీ తెలియదు కనుక అతన్నే మళ్లీ పిలిచారు. ఈసారి చేత్తో ముట్టే పని లేదు. పాత యంత్రం పంపుతుంది, కొత్తది అందుకుంటుంది. వెయ్యి తాళంచెవులు దాటాయి. నాలుగు దాటలేదు. వాటిలో మొదటిది నూట పద్దెనిమిది.

"సార్, ఆవిడతో చెప్పండి," అన్నాడు మరిది సూపరింటెండెంటుతో, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఆరు దాటితే ఆ నలుగురి ఫైళ్లు ఇక బ్రహ్మాండం బద్దలైనా తెరుచుకోవు."

"నాకు చెవులున్నాయి," అంది వదినగారు.

"ఉంటే తొమ్మిదేళ్ల కిందటే వినేవారు."

ఆవిడ విసవిసా తన గదికి వచ్చింది. నూట పద్దెనిమిదో తాళంచెవి తెరిచి, వేలు పెట్టి ఒక్కో అక్షరమే లెక్కపెట్టింది. అరవై రెండు. మళ్లీ లెక్కపెట్టింది. అరవై రెండే. మిగతా మూడూ అంతే.

తను రాసిన ప్రోగ్రాం తీసింది. అక్కడ, నట్టనడుమ, ఒక వాక్యం: సంఖ్య ముందున్న జంట సున్నాలు తీసెయ్యి. బళ్లో పంతులుగారు నేర్పిన పాఠం. ముందున్న సున్నాకి విలువ లేదు, కొట్టెయ్యండి అనేవారు. లెక్కల్లో నిజమే, ఆవిడ పాత ప్రోగ్రాంకీ విలువ ఒక్కటే చాలు. కానీ కొత్త ప్రోగ్రాం విలువ చూడదు, గళ్లు చూస్తుంది. అరవై నాలుగూ నిండకపోతే గడప తొక్కనివ్వదు. జంట సున్నాలతో మొదలయ్యే తాళంచెవులు వెయ్యికి ఏ మూడో నాలుగో ఉంటాయి. వాటి నెత్తిమీది రెండేసి సున్నాలు మింగింది ఆవిడ చెయ్యే.

ఆవిడ ఆ సున్నాలు తిరిగి చేర్చి పంపింది. అయిదూ నలభైకి నాలుగు ఫైళ్లూ తెరుచుకున్నాయి.

"ఎలా తెరుచుకున్నాయి?" అన్నాడు మరిది అనుమానంగా.

సూపరింటెండెంటు నవ్వాడు. "మింగుడుబాబూ, నీ వైపే ఏదో తేడా వచ్చుంటుందిలే. వదినగారు సర్దేశారు." గదిలో అందరూ నవ్వారు. మరిది తెర వైపు తిరిగాడు.

వదినగారు నోరు మెదపకపోతే చాలు, ఇక ఈ సంగతి ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే తను అడిగే ఆయనకి తప్ప. ఆవిడ గబగబా బయటికి నడిచింది.

అయిదు నిమిషాల్లో పొగలు కక్కే కప్పుతో తిరిగొచ్చి మరిది బల్ల మీద పెట్టింది. గదిలో నవ్వులు ఆగిపోయాయి.

"మింగింది అతను కాదు," అంది అందరికీ వినబడేలా. "నా ప్రోగ్రాం. అప్పుడూ ఇప్పుడూ కూడా. చూసుకోకుండా ఒట్టేశాను."

మరిది కప్పు వంక చూశాడు, ఆవిడ వంక చూడలేదు. "ప్రింటర్ల గదిలో కిటికీ కూడా లేదు, తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నారన్నమాట."

ఆవిడ బల్ల ముందే నిలబడింది. అతను లేచి కప్పు ఎత్తి, నిలబడే, చివరి చుక్కదాకా తాగాడు.

"చక్కెర ఎక్కువైంది," అన్నాడు.