కంప్లయింటు లేని పదేళ్లు

చేపలు కొనే సావుకార్లు ముగ్గురూ ఒకే ఆటోలో చెరువు కట్ట మీద దిగడం చూడగానే వెంగమ్మకు ఒళ్లు మండింది. పదేళ్లుగా ఎవరి దారిన వాళ్లు వచ్చి, అందరూ వినేలా ఎవరి వేలంపాట వాళ్లు పాడేవారు. ముందే కూడబలుక్కుని ధర కట్టకూడదని ప్రభుత్వం ఆర్డరు వేసింది మరి. దానికోసం ఆమె మొగుడు పోలేరయ్య చెప్పులరిగేలా తిరిగాడు. ఆర్డరు వచ్చింది. మొన్న ఎండాకాలంలో ఆయన పోయాడు.

ఇవాళ ఆ ముగ్గురిలో మాలకొండయ్య ఒక ధర చెప్పాడు. మిగతా ఇద్దరూ నోరు విప్పలేదు. ఒకడు బీడీ వెలిగించుకున్నాడు.

"ఏందిరా మాలకొండయ్యా, ముగ్గురికీ కలిపి ఒకటే నోరుండాదా?" అంది వెంగమ్మ.

"ఆర్డరు గడువు నిన్నటితో అయిపోయింది అత్తా. ఇస్తే ఈ ధరకియ్యి, లేకుంటే కూరొండుకో."

ఎండెక్కితే ఆ ధరా రాదని చేపల బుట్టలతో వచ్చిన మిగతా ఆడవాళ్లు తలలు వంచుకుని తూచి ఇచ్చేశారు. వెంగమ్మ మాత్రం బుట్ట నెత్తికెత్తుకుని, కండక్టరు వద్దంటున్నా బస్సెక్కింది.

ఆత్మకూరు మత్స్యశాఖ ఆఫీసులో ఆఫీసరు వరప్రసాదం ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "ఇలాంటి ఆర్డర్లకు గడువుంటుందమ్మా. పొడిగించాలంటే కారణం కావాలి. పదేళ్లలో మీ చెరువు నుంచి ఒక్క కంప్లయింటూ రాలేదు. ఆ సావుకార్లు బుద్ధి తెచ్చుకున్నట్టే కదా."

కంప్లయింటు ఎందుకు రాలేదో వెంగమ్మకు తెలుసు. ఆ పదేళ్లలో మాలకొండయ్య మిగతావాళ్లతో కూడబలుక్కుంటూ రెండుసార్లు దొరికాడు. రెండుసార్లూ పోలేరయ్య కాళ్లు పట్టుకుని, "పిల్లలుగలవాణ్ణి మామా, ఆఫీసుకు పోబాకండి" అని ఏడ్చాడు. పెద్దలు కట్ట మీదే కూర్చుని, ఊరందరికీ ఒకపూట అన్నం పెట్టమని తప్పుకు జరిమానా వేసి వదిలేశారు. వెంగమ్మా ఆ అన్నం తిన్నది. పులుసు బాగుందని కూడా అన్నది. ఇప్పుడు వాడి మీద కోపం, జాలిపడి వాణ్ణి వదిలేసిన మొగుడి మీద కోపం, తిని చెయ్యి కడుక్కున్న తన మీద కోపం. అన్నిటికంటే, ఆ జాలినే సావుకార్ల మంచితనం కింద జమకట్టిన ఈ పెద్దమనిషి మీద కోపం.

"ఆర్డరుకు బయపడి సావుకార్లు అణిగున్నారు సార్. తప్పు చేసినా మేము కడుపులో పెట్టుకున్నాం. దానికి మాకా శిక్ష?"

"కొత్తగా కంప్లయింటివ్వండి. విచారిస్తాం."

"ఎన్నాళ్లు పడతాది?"

"చెప్పలేమమ్మా."

వెంగమ్మ బయట పెట్టిన చేపల బుట్ట తెచ్చి అతని గది గుమ్మంలో దించి, పక్కనే చతికిలబడింది. ప్యూను కసిరినా లేవలేదు. మధ్యాహ్నానికి ఆఫీసంతా కంపు కొట్టింది. వరప్రసాదం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. పొద్దుటి మర్యాద ఎటో పోయింది.

"ఏంటిది? ముందు తీసెయ్ ఇక్కణ్ణించి!"

"కంప్లయింటు లేదంటివే సార్. ఇది ఇయ్యాళ్టిది," అంది వెంగమ్మ. "రేపటిది రేపు తెస్తా."