ఏన్దోరు రొట్టెలు

ఆదివారం చొక్కాకి గంజి చిక్కనైతే మెడ దగ్గర గీసుకుంటుందని ఏసురత్నం మాస్టారికి కోపం. పలచనైతే సంఘ పెద్ద చొక్కాలా లేదని కోపం. పదమూడేళ్ళుగా ఈ రెండు కోపాల మధ్యే గంజి పెడుతున్న ఆయన భార్య ప్రేమావతికి ఆ శనివారం గంజి చిక్కనైపోయింది. తెల్లారితే ఆ చొక్కా తొడుక్కుని ఆయన చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. సోదెకి వెళ్ళానని ఆమె సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే మళ్ళీ ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి రానిస్తారు.

"ఇదిగో, రాశాను," అన్నాడాయన కాగితం గూట్లో పెడుతూ. "మా అత్తగారి ఆత్మతో మాట్లాడాలనుకుంటే సైతాను నన్ను మోసం చేసింది, అని. ఇంతే చదువు. ఒక్క ముక్క ఎక్కువొద్దు. తిరువూరులో తలెత్తుకోలేకుండా చేశావు."

తలెత్తుకోలేనిది ఆవిడే. బజారుకెళ్తే కూరగాయల వాళ్ళు కూడా నవ్వు ఆపుకుంటున్నారు. సంగతి బయటపడిన తీరు అలాంటిది మరి. సోదెకి పోతే రంకు బయటపడిందంటారు. ఈవిడకి బయటపడింది మతం. వినగడపలో సోదె చెప్పే నాగేంద్రమ్మ చేటలో బియ్యం కదుపుతూ, చనిపోయిన అత్తగారు సామ్రాజ్యమ్మ గొంతై నాలుగు మాటలు చెప్పి ముగించగానే, ప్రేమావతి కళ్ళు మూసుకుని, పదిమందితో ప్రార్థనలో ఉన్నట్టు గట్టిగా "ఆమేన్" అంది. అరుగు మీద వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. "మీరు తిరువూరు చర్చి మాస్టారి భార్య కదండీ?" అందొకావిడ. సాయంత్రం బస్సులో ఈమె కంటే ముందు కబురే దిగింది.

అందరికీ తెలిసింది అంతవరకే. తెలియనిది తలుచుకుంటే ఆమెకి సిగ్గుతో ప్రాణం పోతోంది. అత్తగారు సామ్రాజ్యమ్మ పక్షవాతంతో రెండేళ్ళు మంచం మీదే ఉంది. తెల్లవారుజామున లేచి ఒళ్ళు తుడిచి, గుడ్డలు మార్చి, చెంచాతో జావ పట్టి, మాస్టారికి క్యారేజీ కట్టి, ఆ గుడ్డలన్నీ ఉతికేసరికి మళ్ళీ మధ్యాహ్నం జావ వేళయ్యేది. "ఏమేవ్, ఇది జావా, కుడితా?" అనేది ఆవిడ. మాస్టారితో నడుం నొప్పి అంటే, "పరాయివాళ్ళకా చేస్తున్నావు?" అనేవాడు. సమాధి కార్యక్రమంలో పాస్టరు అయ్యగారు, తల్లిని సన్మానించిన కొడుకంటే ఏసురత్నంగారేనని మెచ్చుకున్నారు. అప్పుడు ప్రేమావతి వెనకాల వచ్చినవాళ్ళకి కాఫీలు పోస్తోంది. ఒక్క మాట, పోయినావిడ నోటి నుంచైనా ఒక్క మంచి మాట వినాలని వినగడప మీదుగా పోయే గంపలగూడెం బస్సెక్కింది.

"బిడ్డా, నన్ను తుడిచి తుడిచి నీ చేతులు అరిగిపోయాయి," అంది మొదటిసారి నాగేంద్రమ్మ. ఆ బిడ్డా అన్న మాటతోనే అది అబద్ధమని ప్రేమావతికి తెలిసిపోయింది. అత్తగారు ఏమేవ్ తప్ప ఇంకో పిలుపు ఎరగదు. అయినా వెక్కి వెక్కి ఏడ్చింది. చేట పక్కన పెట్టి నాగేంద్రమ్మ తన సొంత గొంతుతో, "ఏమన్నా తిన్నావా అమ్మా? మొహం పీక్కుపోయింది," అంది. పళ్ళెంలో అన్నం, గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ పెట్టిచ్చింది. ఎవరో వండి వడ్డిస్తే కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళింది. ఆమేన్ అన్నది ఆ రెండోసారే. మోసపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు. మంచి మాటకి అంత మొహం వాచి, తెలిసి తెలిసి అబద్ధం దగ్గరికి వెళ్ళినందుకు ఆమెకి నిలువునా సిగ్గేసింది.

చొక్కా ఆరేలోపు అయ్యగారు చదవమన్న అధ్యాయం తీసింది. సౌలు రాజు చనిపోయిన ప్రవక్తతో మాట్లాడాలని మారువేషంలో ఏన్దోరులో ఒకామె దగ్గరికి వెళ్ళిన కథ. అయ్యగారు ప్రసంగంలో ఎప్పుడూ సౌలు భయంతో నేల మీద పడిపోయే దాకానే చదివి, చూశారా పాపఫలం, అని పుస్తకం మూసేవారు. కింద ఇంకా ఉంది. రాజు పగలూ రాత్రీ ఏమీ తినలేదట. వద్దంటున్నా వినకుండా ఆమె ఇంట్లో మేపుకుంటున్న పెయ్యని కోసి, పిండి పిసికి, రొట్టెలు కాల్చి పెట్టిందట. సోదె తప్పే, అందులో ప్రేమావతికి అనుమానం లేదు. కానీ దేవుడు ఈ రొట్టెల సంగతి కూడా ఎందుకు రాయించినట్టు? అట్లా చూస్తూ ఉండిపోయింది. చొక్కా ఎండకి పెళుసుబారింది.

ఆదివారం అయ్యగారు సౌలు పడిపోయే దాకా చదివి పుస్తకం మూశారు. ప్రేమావతి లేచింది. ముందు వరసలో గంజి మెడపట్టీ బిగుసుకుపోయి ఉంది. కాగితం విప్పింది, చూసింది, మళ్ళీ మడిచింది.

"ఇందులో రాసింది నిజం కాదు అయ్యగారూ. నన్నెవరూ మోసం చెయ్యలేదు. ఆ మాటలు మా అత్తగారివి కావని నాకు తెలుసు. తెలిసే రెండోసారి వెళ్ళాను. పాపమే, ఒప్పుకుంటున్నాను."

మాస్టారు వెనక్కి తిరిగి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద ఎవరో ముక్కు చీదారు. ప్రేమావతి తల వంచుకునే ఉంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా కూర్చోలేదు.

"ఆ సోదె చెప్పే ఆవిడ నన్ను, తిన్నావా అని అడుగుద్దండి. అందుకెళ్ళాను."