అరువు రవిక

దొమింగోను ఎత్తుకుపోయింది దొంగచాటుగా కాదు. ఆదివారం సంతలో, పట్టపగలు, మూడు వందల మంది చూస్తుండగా. నంబరు లేని వ్యాను వచ్చి మికాయెలా సున్నం కొట్టుకు నాలుగడుగుల దూరంలో ఆగింది. నలుగురు సైనికులు దిగి అతని జుట్టు పట్టుకుని ఈడ్చారు. అతను చేసిన నేరం ఒక్కటే. తుపాకీ పట్టి సొంత ఊరివాళ్ళ మీదే కాపలా కాయమని సైన్యం హుకుం జారీ చేస్తే, కాయనన్నాడు.

మికాయెలా అంతా చూసి, తల దించుకుంది. మొక్కజొన్న ఉడకేసేటప్పుడు కలిపే సున్నపు గడ్డలను పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు ఏరుతూ కూర్చుంది. అవి అంతకుముందే ఏరి పెట్టినవి. వ్యాను వెళ్ళిపోయాక సంత మళ్ళీ బేరాలాడుకుంది. ఆ బేరాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఆదివారం దొమింగో భార్య తెక్లా వచ్చి కొట్టు కొట్టుకూ తిరిగింది.

"మా ఆయన్ని పట్టుకుపోయారంట. నువ్వేమన్నా చూశావా అక్కా?"

"చూళ్ళేదమ్మా," అంది మికాయెలా. పక్కన టమాటాల మనిషీ అదే అంది. సంతంతా అదే అంది.

తెక్లా ఏడుస్తూ ఇంటికి పోయే రకం కాదు. ప్రతి ఆదివారం వచ్చింది. తనలాగే మొగుళ్ళను, కొడుకులను పోగొట్టుకున్న మాయా తెగ ఆడవాళ్ళను నాలుగు ఊళ్ళ నుంచి పోగుచేసింది. నలభై మందయ్యారు. పట్నం కోర్టుకు కబురంపితే అక్కడి గుమస్తా, పెళ్ళామే స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలనీ, కళ్ళారా చూసిన సాక్షి ఉండాలనీ అన్నాడు. సరే, వస్తామన్నారు. అప్పుడే పట్నం దారిలో వంతెన దగ్గర సైన్యం గేటు వెలిసింది. తెక్లా ఊరు చువాపెక్ ఆడవాళ్ళు ఎవరొచ్చినా బస్సు దించి వెనక్కి తోలేయడమే దాని పని.

ఏ ఊరో ఎలా తెలుస్తుంది? ఒంటి మీది రవిక చెబుతుంది. చువాపెక్‌ది ఎరుపు మీద నల్ల పిట్టలు. పాసాక్‌ది నీలం మీద తెల్ల మెట్లు. మికాయెలాది ఆ ఊరే. నడుముకు మగ్గం బిగించుకుని ఆడవాళ్ళు నెలల తరబడి నేసుకునే ఊరి గుర్తులవి. అమ్మమ్మలు మురిసిపోయి నేర్పిన ఆ గుర్తులనే సైన్యం ఆ ఆడవాళ్ళ పాలిట నేరస్తుల జాబితా చేసుకుంది. థూ!

చర్చి వెనక కూడిన మీటింగుకు సంతలో అమ్ముకునే ఆడవాళ్ళనూ పిలిచి, తెక్లా సూటిగా అడిగింది.

"మా ఊరివాళ్ళం పదకొండు మందిమి. మీ రవికలు అరువివ్వండి."

ఒక్కసారిగా గోల లేచింది. చికార్ ఊరి ముసలమ్మ కాతరీనా అయితే కర్రతో నేలను పొడిచింది.

"ఒంటి మీద పరాయి ఊరి రవికా? సిగ్గు లేదటే? మా అమ్మ సమాధిలో లేచి కూర్చుంటది!"

"కూర్చోనీ అత్తా. లేచి కూర్చోడానికి ఆమెకి సమాధన్నా ఉంది. నా మొగుడికి అదీ లేదు."

గోల అణిగింది. కాతరీనా తన మూట ముందుకు తోసి, "నాది పొట్టిదే, నీకు పట్టదు. ఇంకెవరికన్నా ఇయ్యి," అని గొణిగింది.

తెక్లా కొలతకు సరిపోయింది మికాయెలా రవికే. మికాయెలా మూట విప్పి నీలం రవిక చేతిలో పెట్టింది. తెక్లా తీసుకుని, ఆమె మొహంలోకి చూసింది.

"ఆ ఆదివారం నువ్వెక్కడున్నావక్కా?"

"చూళ్ళేదని చెప్పాగదే!"

"చూశావా అనలేదు. ఎక్కడున్నావంటున్నా."

మికాయెలా మూట కట్టేసుకుంది. రవిక ఇచ్చి చేతులు దులుపుకుందామనుకుంది గానీ, పక్కన అసలు పాసాక్ మనిషి ఉంటే అనుమానం రాదని కాతరీనా ఆమెను, టమాటాల మనిషిని కూడా బస్సెక్కించింది.

గురువారం మధ్యాహ్నానికి వంతెన చేరారు. అందరినీ దించి ఎండలో వరసగా నిలబెట్టారు. లెఫ్టినెంటు రవికలు చూసుకుంటూ నడిచాడు. నీలం, ఆకుపచ్చ, ఊదా. ఎరుపు ఒక్కటీ లేదు. 

ఎండ మాడు పగలగొడుతోంది. తెక్లా తనకు తెలియకుండానే భుజం మీది శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి నెత్తిన వేసుకుంది. పాసాక్ ఆడది చచ్చినా అలా వేయదు. భుజం మీంచి దించదు. మడత పెట్టి నెత్తిన వేసేది చువాపెక్ వాళ్ళే. మికాయెలా చూసింది. "దించవే, దించు!" అని పళ్ళ మధ్య నుంచే అంది. అప్పటికే లెఫ్టినెంటు వెనక్కి తిరిగాడు.

"ఏయ్ నీలం రవికా! పాసాక్ దానివి నెత్తిన శాలువా ఏంటే?"

తెక్లా చేయి నెత్తి మీదికి పోయి ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె నిటారుగా నిలబడింది.

"రవిక అరువుదే. నేను చువాపెక్ దాన్నే. నా మొగుణ్ణి ఎక్కడ పెట్టావో చెప్పు!"

తుపాకీ మడమతో డొక్కలో పొడిచారు. జీపులోకి విసిరారు. జీపు వంతెన దాటిపోయింది.

"ఇంకెవరే చువాపెక్ వాళ్ళు? ముందుకు రండి!"

కాతరీనా కర్ర ఊనుకుంటూ ముందుకొచ్చింది. "నేను."

"నేనూ." "నేనూ చువాపెక్కే." వరసంతా కదిలింది. అన్ని నోళ్ళూ ఒకే ఊరి పేరు చెప్పాయి. సైనికులు తుపాకులెత్తారు. వెనక నాలుగు బస్సులు ఆగి ఉన్నాయి. కిటికీలన్నీ తలలే. డ్రైవర్లు దిగి రోడ్డు మీద నిలబడ్డారు. లెఫ్టినెంటు ఆ తలలను చూశాడు, తన పదిమందిని చూసుకున్నాడు. కాల్చమని నోరు రాలేదు. ఆడవాళ్ళు సైనికుల మధ్య నుంచే నడిచి వంతెన దాటారు.

కోర్టులో గుమస్తా కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఏంటి మీ గొడవ?"

"తెక్లాను ఎత్తుకుపోయారు. ఇవాళే. వంతెన దగ్గర."

"చూసిందెవరు?"

"మేమందరం."

"అందరూ అంటే కుదరదు. పేరు కావాలి. ఊరు కావాలి. రేపు సైన్యం అడిగితే ఆ మనిషినే చూపిస్తాను, అది గుర్తుపెట్టుకోండి."

  మికాయెలాకు తన ముగ్గురు పిల్లలు కళ్ళ ముందు మెదిలారు. భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా బల్ల దగ్గరికి నడిచింది.

"మికాయెలా. ఊరు పాసాక్. సున్నం అమ్ముతా. నేను చూశాను, రాసుకో." వేలిముద్ర వేసింది. వెనక్కి తగ్గలేదు. "ఇంకో కాగితం తియ్యి."

"మళ్ళీ ఎందుకు?"

"దాని మొగుడు దొమింగోకి. పెళ్ళాన్నే పట్టుకుపోయారు, వేలిముద్ర నేనే వేస్తా. ఆదివారం సంతలో, నాకు నాలుగడుగుల దూరంలో, నలుగురు సైనికులు జుట్టు పట్టి ఈడ్చారు. ఆమె అడిగితే చూళ్ళేదన్నాను. అబద్ధమాడాను. అదీ రాసుకో."

వెనక నుంచి టమాటాల మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "నేనూ చూశా. నాదీ రాయి." ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరొకామె. ఇన్నాళ్ళూ సంత మింగేసిన మాటలన్నీ ఆ బల్ల దగ్గర వరస కట్టాయి. కొడుకును ఏ చెరువు గట్టున పట్టారో ఒకామె చెప్పింది. తమ్ముణ్ణి కొట్టిన సార్జెంటు పేరు ఇంకొకామె చెప్పింది.

గుమస్తా చివరికి సొరుగు లాగి చూసి, కాగితాలు అయిపోయాయన్నాడు. రేపు రమ్మన్నాడు.

కాతరీనా గుమ్మానికి అడ్డంగా చతికిలబడి, కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"తెప్పించుకో నాయనా. మేం ఎక్కడికీ పోవట్లేదు."